ఫినిషింగ్ అయినంక టేపు పట్టండి: దివ్యాంగులకు అందే భవనాలు, అందే కాగితాలు

(మహబూబ్‌నగర్‌లో తాపీ మేస్త్రీలు, సైట్ ఇంజనీర్లు, పంచాయతీ కార్యదర్శులు, బడుల హెడ్‌మాస్టర్ల శిక్షణలో చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. ముందుగాల మేస్త్రీలతోని మాట్లాడుత. తర్వాత ఇంజనీరు సార్లతోని, ఆఖరుకు ఆఫీసులల్ల కాగితాలు తయారుచేసే వాళ్లతోని. మేస్త్రీలు ముందెందుకంటే, పాలమూరు మేస్త్రీ చెయ్యి పడని పట్నం ఈ దేశంల తక్కువ. ఇక్కడ ఒక కొలత అలవాటైతే అది పుణె దాక పోతది.

ర్యాంపు కాడ మొదలుపెడదాం. 1:12 అనే అంకె మీలో చానమందికి ఎరుకే. ఒక అంగుళం ఎత్తుకు పన్నెండు అంగుళాల పొడుగు. అంటే అంగుళానికి ఒక అడుగు. మూడు మెట్లున్న వరండాకు, మెట్టు ఆరంగుళాలైతే, పద్దెనిమిది అంగుళాల ఎత్తు, పద్దెనిమిది అడుగుల ర్యాంపు. మూడడుగుల బేస్‌మెంటుకు ముప్పై ఆరడుగులు. ఇది తక్కువల తక్కువ, ఇంకింత పొడుగైతే ఇంకా మంచిది. వెడల్పు 1200 మి.మీ., నాలుగడుగులు. కింద, మీద 1500 మి.మీ. సమతలం, అంటే ఐదడుగులు ఇటు ఐదడుగులు అటు. ఒకే పరుగుల 750 మి.మీ. మించి ఎత్తు ఎక్కించొద్దు, నడుమల ఇంకో సమతలం ఇయ్యాలె. స్థలం లేకుంటే ఆ సమతలం కాడ మలుపు తిప్పుకోవచ్చు.

మనకు కనబడే ర్యాంపు ఎట్లుంటది? పద్దెనిమిది అంగుళాల ఎత్తుకు ఆరడుగుల పొడుగు. అది 1:4. దాని మీద బైకు ఎక్కుతది, వీల్‌చెయిర్ ఎక్కదు. ఎక్కియ్యాలని చూస్తే ముందటి చిన్న చక్రాలు గాలిల లేస్తయి, మనిషి వెనకకు పడతడు. దిగేటప్పుడు చెయిర్ ఆగదు. అసలు ర్యాంపు లేకుంటే నలుగురు ఎత్తుకొని పోతరు. ఇట్లాంటిది ఉంటే 'ర్యాంపు ఉంది గదా' అని ఎవరూ ముందుకు రారు. లేనిదానికంటే ఇది అన్యాయం అని నేననుకుంట.

వాలు చూడడానికి ఇంజనీరు అక్కర్లేదు. నాలుగడుగుల బద్ద తీసుకోండి. ఒక కొసను ర్యాంపు మీద, పై దిక్కుకు ఆనించండి. బద్ద మీద స్పిరిట్ లెవెల్ పెట్టి, బుడగ నడిమికి వచ్చేదాక రెండో కొసను లేపండి. ఇప్పుడు ఆ లేచిన కొస కింద ర్యాంపుకు ఎంత సందు ఉందో కొలవండి. నాలుగంగుళాలు, లేదా తక్కువ ఉంటే సరే. ఆరు వచ్చిందంటే వాలు 1:8. ఈ పరీక్ష ఒక్కచోట చేసి వదిలెయ్యొద్దు. పైన, నడుమ, కింద, మూడు చోట్ల చెయ్యండి. ముఖ్యంగ పైన.

పైన ఎందుకు? ర్యాంపు కాంక్రీటు మొదలే పోస్తరు. వరండా ఫ్లోరింగు తర్వాత వస్తది. కింద మసాలా రెండంగుళాలు, దాని మీద గ్రానైటో, తాండూరు బండో ముప్పావు అంగుళం. అంటే వరండా దాదాపు మూడంగుళాలు పైకి లేస్తది. ర్యాంపు లేవదు. అప్పుడు రెంట్ల ఒకటైతది: ర్యాంపు కొసకు మూడంగుళాల గట్టు మిగులుతది, లేకుంటే మేస్త్రీ ఆ గట్టును ఆఖరి రెండడుగులల్ల సిమెంటుతోని జారగొడతడు. ర్యాంపు సొంత వాలు రెండంగుళాలు, ఈ మూడంగుళాలు కలిసి ఆ రెండడుగులు దాదాపు 1:5 అయితది. మొత్తం ర్యాంపు సరిగ్గ కట్టి, ఆఖరి రెండడుగుల కాడ మనిషి ఆగిపోతడు. ప్లాన్‌ల తప్పు లేదు, డ్రాయింగ్‌ల తప్పు లేదు. ఫినిషింగు తప్పు. ఈ పొద్దు నేను చెప్పేదాంట్ల సగం ఇదే: కొలత పోయేది చివరి పొరల.

కింద కొస కాడ కూడ ఇదే గోస. ర్యాంపు మొరం మీద దిగుతది. ఒక్క వానకాలం పోతే మొరం కొట్టుకపోయి, మూడంగుళాల గుంత పడతది. అందుకే దిగినకాడ ఐదడుగుల సీసీ పలక తప్పకుండా పొయ్యండి. అక్కడ మోరి దాటాల్సి వస్తే, జాలీ సందులు 12 మి.మీ. మించొద్దు. జాలీ చువ్వలు నడిచే దిక్కుకు అడ్డంగ ఉండాలె. నిలువుగ పెడితే చిన్న చక్రం సందుల దిగి ఇరుక్కుంటది.

పై పొర: పాలిష్ గ్రానైటు వద్దు. తడిస్తే చెప్పులేసుకున్న వాళ్లకే జారుతది, సంకకర్రల మొన ఆగుతదా? కాంక్రీటు పచ్చిగ ఉన్నప్పుడు చీపురు గీత చాలు. కొందరు లోతుగ అడ్డగీతలు కొడతరు, పట్టు ఉంటదని. వెన్నెముక దెబ్బ తిన్న మనిషికి ఆ గతుకులల్ల ఎక్కుడు నరకం. రెయిలింగు రెండు వరుసలు: 700–760 మి.మీ. కాడ ఒకటి, 850–900 కాడ ఒకటి, రెండు పక్కల. పైపు మందం 38 నుంచి 45 మి.మీ. ర్యాంపు అయిపోయినంక కూడ 300 మి.మీ. ముందుకు సాగాలె. ఎండకాలం మన దిక్కు స్టీలు పైపు పొద్దుగాల పదకొండుకే చెయ్యి పెట్టనియ్యదు. దక్షిణం, పడమర ఎండ పడే ర్యాంపు అయితే పైన రేకు వెయ్యండి, లేకుంటే పైపుకు పూత ఎక్కియ్యండి.

ఇగ దర్వాజలు. 900 మి.మీ. అంటే 'మూడడుగుల దర్వాజ' అని మేస్త్రీ రాసుకుంటడు. కార్పెంటరు మూడడుగుల చౌకట్టు తెస్తడు, బయటి కొలత. చౌకట్టు ముఖం మూడంగుళాలు ఇటు, మూడంగుళాలు అటు పోతే ముప్పై. తలుపు తొంభై డిగ్రీలు తెరిచినా దాని మందం ఒకటిన్నర అంగుళం లోపలికే ఉంటది. మిగిలింది ఇరవై ఎనిమిదిన్నర. వీల్‌చెయిర్ ఇరవై ఆరు దాక ఉంటది, చక్రం తిప్పే చేతివేళ్లు చౌకట్టుకు గీరుకపోతయి. 900 ఖాళీ మిగలాలంటే బయటి కొలత మూడడుగుల ఎనిమిదంగుళాలు చెప్పండి. ఆర్డరు చీటీల 'లోపలి ఖాళీ 900' అని విడిగ రాయండి.

గడప సంగతి. ఆఫీసుకు, బడికి, దవాఖానకు గడప ఎందుకో నాకు ఎన్నడూ అర్థం కాలే. నియమం 12 మి.మీ., అంటే అరంగుళం, అది కూడ రెండు దిక్కుల ఏటవాలుగ. ఇండ్లల్ల గడప తియ్యమంటే పెద్దోళ్లు ఒప్పుకోరు, సరే. అరంగుళం గడపకు కూడ పసుపు రాయొచ్చు, కుంకుమ పెట్టొచ్చు.

టాయిలెట్ కాడ ఎక్కువ సేపు ఆగుదాం, ఎక్కువ పైసలు నాశనమయ్యేది అక్కడే.

గది లోపలి కొలత 2200 బై 2000 మి.మీ., టైల్ నుంచి టైల్‌కు. ఇటుక నుంచి ఇటుకకు కాదు. ప్లాస్టరింగు, మసాలా, టైలు కలిసి ఒక్కో గోడకు అంగుళంన్నర తింటయి. కాబట్టి ఇటుక పని ఏడడుగుల ఆరంగుళాలు బై ఆరడుగుల పదంగుళాలు పెట్టుకోండి. కమోడ్ నడిమి గీత నుంచి పక్క గోడకు 450–480 మి.మీ. ఇంతకంటే దూరమైతే పట్టుకునే కడ్డీ చేతికి అందదు, దగ్గరైతే భుజం గోడకు తగులుతది. రెండో పక్క 900 మి.మీ. ఖాళీ. ఆ ఖాళీల వీల్‌చెయిర్ నిలబడి, మనిషి పక్కకు జరిగి కమోడ్ మీదికి వస్తడు. ఆ ఖాళీలనే వాష్‌బేసిన్ పెడతరు, లేకుంటే నీళ్ల డ్రమ్ము. నల్లా నీళ్లు టైముకు రావు, డ్రమ్ము ఎక్కడ పెట్టాలె మరి అంటరు. డ్రమ్ముకు వేరే మూల ప్లాన్‌లనే చూపండి.

కమోడ్ సీటు ఎత్తు 450–480. మామూలు కమోడ్ పదిహేను, పదహారంగుళాలే ఉంటది. దాన్ని లేపడానికి కింద దిమ్మె కడతరు, ముందుకు ఆరంగుళాలు పొడుచుకొచ్చే దిమ్మె. దాంతోని వీల్‌చెయిర్ కాలిపలక తగిలి దగ్గరికి రాదు. దిమ్మె కమోడ్ అడుగుకు మించి ఒక్క అంగుళం కూడ బయటికి రావద్దు.

టాయిలెట్ తలుపు కాడ నాలుగంగుళాల మెట్టు ఎందుకొస్తది? స్లాబు వేసేటప్పుడు సంకెన్ స్లాబు, అంటే టాయిలెట్ కాడ కిందికి దించిన స్లాబు, ఇయ్యలే కాబట్టి. ట్రాప్‌కు (వాసన రాకుండ నీళ్లు నిలిచే వంపుకు), పైపుకు కింద జాగ లేదు, అందుకే టాయిలెట్ నేలను లేపుతరు. కొత్త కట్టడమైతే సెంట్రింగు దశలనే స్లాబు కిందికి దించండి. పాత బిల్డింగైతే పి-ట్రాప్ కమోడ్ కొనండి. దాని ఔట్‌లెట్ వెనకకు, గోడల నుంచి పోతది, నేల లేపే పని లేదు. నీళ్లు బయటికి వస్తయని భయముంటే, తలుపు వెంబడి పొడుగు జాలీ మోరి ఇచ్చి వాలు దానికి పెట్టండి.

కడ్డీలు. సీటు నుంచి 200 మి.మీ. పైన, అడ్డంగ. ప్లాస్టిక్ ప్లగ్గులు పెట్టి స్క్రూ బిగించిన కడ్డీ చూడడానికి మంచిగుంటది. మనిషి తన బరువంతా దాని మీద వేసిన రోజు ఊడి చేతికి వస్తది, ఆయన నేల మీదికి పోతడు. ఏఏసీ బ్లాకు (గుల్లగ, తేలికగ ఉండే సిమెంటు ఇటుక) గోడ అయితే ఇంకా ప్రమాదం. గోడ కట్టేటప్పుడే ఆ ఎత్తుల కాంక్రీటు బ్లాకు పెట్టి పెన్సిలుతోని గుర్తు రాసుకోండి, తర్వాత యాంకర్ బోల్టు దాంట్లనే దిగాలె. పాత గోడైతే అవతలి దాక బోల్టు పోనిచ్చి, అటుపక్క ప్లేటు కొట్టండి. బిగించినంక మీరే రెండు చేతులతోని వేలాడి చూడండి.

తలుపు బయటికి తెరుచుకోవాలె. లోపలికి తెరుచుకునే తలుపైతే, మనిషి పడి దానికి అడ్డమైతే తెరవరాదు. గొళ్లెం బయట నుంచి కూడ తీసేటట్టు ఉండాలె. అలారం తాళ్లు రెండు, ఒకటి 900 ఎత్తుల, ఒకటి నేల నుంచి 300 మి.మీ.ల. కిందిది పడిపోయినోళ్ల కోసం. శుభ్రంగ ఊడ్చేటోళ్లు దాన్ని పైకి చుట్టి ముడేస్తరు, చెప్పి పెట్టండి.

దివ్యాంగులంటే వీల్‌చెయిరే మతికొస్తది మనకు. నల్గొండ జిల్లా మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి దిక్కు చూడండి. ఫ్లోరైడ్ నీళ్లతోని ఎముకలు బిగుసుకపోయిన పెద్దవాళ్లు ఉన్నరు. తాగునీళ్లల్ల ఫ్లోరైడ్ లీటరుకు ఒక మిల్లీగ్రాము లోపల ఉండాలె, వేరే నీళ్లు దొరకకుంటే 1.5 దాక. అంతకు ఎన్నో రెట్లున్న బోరు నీళ్లు ఏండ్ల తరబడి తాగినోళ్లు వీళ్లు. నీళ్లు మారినయి, కాని ఒకసారి బిగిసిన వెన్నుపూస మళ్ల వంగదు. వీళ్లకు మోకాళ్లు మడవరావు, కాబట్టి ఇండియన్ టాయిలెట్ పనికిరాదు. మెడ పైకి లేవదు, కాబట్టి మీరు తలుపు మీద పెట్టిన బోర్డు కనబడదు. బోర్డు గోడకు, తలుపు గొళ్లెం దిక్కు, నేల నుంచి 1400–1600 మి.మీ. నడుమ పెట్టండి. ఆఫీసు బయట బల్ల 450 ఎత్తుల, చేతులున్నది వెయ్యండి. చేతుల మీద బరువు వేసి లేస్తరు వాళ్లు. అరుగు మీద కూసోమంటే కూసుంటరు, లేవలేరు. మెట్టు ఎత్తు 150 మి.మీ. దాటొద్దు, ప్రతి మెట్టూ ఒకే ఎత్తుండాలె. ఫ్లోరింగు లేచినంక ఆఖరి మెట్టు ఎనిమిదంగుళాలు, మొదటిది నాలుగు అయిన బిల్డింగులు కావలసినన్ని. అక్కడే పడతరు.

చూపు లేనోళ్ల కోసం టాక్టైల్ టైల్స్ వచ్చినయి, కాలికి, కర్రకు తగిలి దారి చెప్పే పసుపు టైల్స్. రెండే రకాలు. గీతలున్నది 'ఇట్ల నడువు' అని, బొడిపెలున్నది 'ఆగు, ముందు ఏదో ఉంది' అని. వీటిని డిజైన్ లెక్క వేస్తున్నరు. గీతల బాట పోయి పోయి కరెంటు స్తంభం కాడ ఆగుతది. బొడిపెల టైలు మెట్టు అంచు మీద వేస్తరు. మొదటి మెట్టుకు 300 మి.మీ. ముందు వెయ్యాలె, అప్పుడే కాలు ఆగడానికి జాగ ఉంటది. లేత రంగు బండ మీద లేత పసుపు టైలు వేస్తే కొంచెం చూపున్నోళ్లకు తేడా తెలువదు. గోడ నుంచి పొడుచుకొచ్చేవి ఇంకో గండం: ఏసీ అవుట్‌డోర్ పెట్టె, మంటలార్పే సిలిండరు. చేతికర్ర నేల మీదనే వెతుకుతది, ఛాతి కాడున్నది దానికి దొరకదు. నడిచే బాటల 700 నుంచి 2100 మి.మీ. ఎత్తు నడుమ ఏదీ 100 మి.మీ. మించి బయటికి రావద్దు. మెట్ల కింది ఖాళీని గోడకట్టి మూసెయ్యండి.

చట్టం సంగతి జల్ది చెప్త. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం, 2017 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. సెక్షన్ 44 ప్రకారం నియమాలకు సరిపోని ప్లాన్‌కు పర్మిషన్ ఇయ్యొద్దు, పూర్తయిన సర్టిఫికెట్ ఇయ్యొద్దు. సెక్షన్ 45 పాత ప్రభుత్వ, ప్రజా భవనాలకు ఐదేండ్ల గడువిచ్చింది, అది 2022 జూన్‌ల అయిపోయింది. సెక్షన్ 89 కింద మొదటి ఉల్లంఘనకు పదివేల దాక, మళ్ల చేస్తే యాభై వేల నుంచి ఐదు లక్షల దాక జరిమానా. ఇన్నేండ్లు 'అవి మార్గదర్శకాలే, తప్పనిసరి కాదు' అనే వాదన నడిచింది. 2024 నవంబర్ 8న సుప్రీంకోర్టు రాజీవ్ రటూరి కేసుల ఆ వాదనకు తెర దించింది: ఈ చట్టం కింద చేసిన నిబంధనలల్ల 15(1) చట్టానికి విరుద్ధం, తప్పనిసరి ప్రమాణాలు తయారు చెయ్యండి అన్నది. ఆ కేసుల కోర్టు ముందర పెట్టిన నివేదిక హైదరాబాద్ నల్సార్ లా యూనివర్సిటీది.

ఇగ కాగితాలు. కార్యదర్శులు, హెడ్‌మాస్టర్లు వినాలె. భవనాల్ల కొలత ఆఖరి పొరల పోయినట్టే, కాగితం కూడ ఆఖరి పనిల పాడైతది. సర్క్యులర్ కంప్యూటర్‌ల టైపు చేస్తరు. అప్పటికి అది ఫోను చదవగలిగే అక్షరమే. ప్రింటు తీస్తరు, సంతకం, ముద్ర. మళ్ల ఫోనుతోని ఫొటో తీసి వాట్సాప్ గ్రూపుల వేస్తరు. చూపు లేని టీచరు ఫోన్ల టాక్‌బ్యాక్ ఉంటది, తెరమీది అక్షరాన్ని తెలుగుల చదివి వినిపిస్తది. ఫొటో కాడికి వచ్చేసరికి దానికి అక్షరాలు లేవు, చానసార్లు 'ఫొటో' అని మాత్రమే అంటది. ఆమె పక్కనున్నోళ్లను చదివి పెట్టమని అడుక్కోవాలె, తన జీతం కాగితం అయినా సరే.

పరీక్ష ఇక్కడ కూడ సులువే. మీ పీడీఎఫ్ తెరిచి, ఒక వాక్యాన్ని వేలితోని పట్టి, కాపీ చేసి, వాట్సాప్‌ల పేస్టు చెయ్యండి. అసలు పట్టుకోనియ్యకుంటే అది బొమ్మ. ఇంగ్లిషు అక్షరాలు, గుర్తులు గజిబిజిగ వస్తే అది అను ఫాంటు, డీటీపీ సెంటర్లల్ల వాడే పాత తెలుగు ఫాంటు. కంటికి తెలుగు, ఫోనుకు చెత్త. తెలుగే వచ్చి ఒత్తులు అటుఇటు అయితే, పీడీఎఫ్ చేసిన సాఫ్ట్‌వేరు గుణింతాలను చెడగొట్టింది. అక్షరం అక్షరం సరిగ్గ వస్తేనే వినేవాళ్లకు అందినట్టు.

ఏం చెయ్యాలె: యూనికోడ్‌ల, అంటే ఏ ఫోనైనా తెలుగు అక్షరమని గుర్తుపట్టే పద్ధతిల, టైపు చెయ్యండి. డీటీపీ సెంటర్ల పేజ్‌మేకర్, అను తప్ప రాదంటే, అచ్చుకు అదే వాడుకోనియ్యండి, పంపడానికి వేరే యూనికోడ్ ప్రతి అడగండి. ప్రింటు తీసి స్కాన్ చెయ్యకుండ డిజిటల్ సంతకం పెట్టండి. ఫొటో పంపక తప్పదంటే, దాని కిందనే విషయాన్ని నాలుగు లైన్ల టైపు చెయ్యండి: తేదీ, చోటు, ఏం తేవాలె, ఎవరికియ్యాలె. పట్టికలు ఉంటే ఒక్కో వరుసను వాక్యంగ రాయండి. ఖర్చు లేదు దీనికి, రెండు నిమిషాల పని.

అచ్చు కాగితం కూడ చూడండి. తెలుగుకు కిందికి ఒత్తులుంటయి, పైకి గుడులుంటయి. లైన్ల నడుమ జాగ తగ్గిస్తే పైలైను ఒత్తు కిందిలైను గుడికి తగులుతది. చూపు తగ్గినోళ్లకు ధ, థ ఒక్కటే, ప, ష ఒక్కటే. లైన్ల దూరం ఒకటిన్నర పెట్టండి, లావు అలంకార ఫాంట్లు వద్దు. ఫ్లెక్సీలల్ల నాయకుల ఫొటోల మీద పసుపు అక్షరాల సంగతి నేను చెప్పను, మీకే తెలుసు. వెబ్‌సైట్లకైతే అక్షరానికి, వెనకున్న రంగుకు తేడా 4.5:1 ఉండాలె. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు డిజిటల్ సేవలు అందుడు కూడ ఆర్టికల్ 21, అంటే రాజ్యాంగంల బతికే హక్కు, కిందికి వచ్చే హక్కే అన్నది. కెమెరా ముందు కన్నురెప్ప కొట్టమనే ఈ-కేవైసీ (ఆన్‌లైన్ల మనిషి గుర్తింపు తనిఖీ), చూపు లేనోళ్లను, యాసిడ్ దాడి బాధితులను బయట నిలబెడుతున్నదని వచ్చిన కేసు అది.

వినబడనోళ్ల విషయంల ఒక తప్పు అందరం చేస్తం: 'రాసిస్తే సరిపోతది' అనుకుంటం. పుట్టుకతోని చెవిటి అయినోళ్లల్ల చానమందికి సైగల భాషే మొదటిది, తెలుగు రాత రెండోది. గ్రామసభకు, విచారణకు, ఆపరేషన్ ముందు సంతకానికి సైగల భాష అనువాదకులు కావాలె, వీడియో కాల్ మీదనైనా. కౌంటరుల కూసున్న ఉద్యోగి వెనక కిటికీ ఉంటే ముఖం నల్లగ కనబడతది, పెదవుల కదలిక చూసి అర్థం చేసుకునేటోళ్లకు ఏం తెలుస్తది? కుర్చీ అటు తిప్పండి. టోకెన్ నంబరు పిలుచుడే కాదు, తెర మీద కూడ రావాలె. తెర మీదనే వస్తే చూపు లేనోళ్లు కూసునే ఉంటరు, కాబట్టి రెండూ. అగ్గి అలారానికి శబ్దంతోపాటు వెలిగి ఆరే లైటు, ముఖ్యంగ టాయిలెట్లల్ల.

రెండు ప్రశ్నలు చీటీ మీద వచ్చినయి.

మొదటిది: 'పాత ఆఫీసు, నాలుగడుగుల ఎత్తు, ముందర రోడ్డే. ర్యాంపుకు జాగ లేదు.' నలభై ఎనిమిది అడుగులు ప్లస్ సమతలాలు, నిజమే, ముందర పట్టదు. పక్క గోడ వెంబడి, వెనక నుంచి చూడండి. కాని వెనక ర్యాంపు పెడితే ఆ తలుపు పొద్దంత తెరిచే ఉండాలె, ముందర బాణం గుర్తు బోర్డు ఉండాలె. అదీ కుదరకుంటే నిలువుగ ఎక్కించే ప్లాట్‌ఫారం లిఫ్టు. కరెంటు పోయినప్పుడు కిందికి దించే హ్యాండిల్ ఉన్నదే కొనండి, ఏటా మెయింటెనెన్స్ కాంట్రాక్టు పైసలు ఇప్పుడే బడ్జెట్ల పెట్టండి, లేకుంటే రెండో ఏడు అది బట్టలారేసుకునే చోటైతది. ఆ పైసలు వచ్చేదాక జనంతోని పనుండే సీటును కింద గదికి మార్చండి. రెవెన్యూ రికార్డులు మీద ఉన్నా ఏం కాదు, దరఖాస్తు తీసుకునే మనిషి కింద ఉంటే చాలు. ఆ కౌంటరు ఎత్తు 750–800 మి.మీ., కింద మోకాళ్లు పట్టే ఖాళీ.

రెండోది ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) సార్ అడిగిన్రు: 'ఇవన్నీ ఎస్టిమేట్ల ఉన్నయి. అయినా సైట్ల తప్పుతున్నయి. ఎక్కడ పట్టుకోవాలె?' ఎంబీ కాడ, అంటే చేసిన పని కొలతలు రాసే మెజర్‌మెంట్ బుక్ కాడ, సార్. ఫైనల్ బిల్లుకు ముందు, టైల్స్, చౌకట్లు, ఫ్లోరింగు అన్నీ అయినంక, ఐదు కొలతలు విడిగ ఎంబీల రాయండి: ర్యాంపు పైకొస కాడ బద్ద కింది సందు, దర్వాజ లోపలి ఖాళీ, గడప ఎత్తు, కమోడ్ నడిమి నుంచి గోడకు దూరం, సీటు ఎత్తు. టేపు పెట్టి ఫొటో తీసి జత చెయ్యండి. కాంట్రాక్టరు మనిషి అక్కడే ఉండంగ కొలవండి. తేడా వస్తే అప్పటికప్పుడు మార్చడానికి మేస్త్రీ, మసాలా ఇంకా సైట్లనే ఉంటయి. బిల్లు పాసైనంక వాళ్లను పిలిపించుడు మీవల్ల కాదు. ఇంకొకటి, ఆ టాయిలెట్ తాళంచెవి అటెండరు జేబుల ఉండొద్దు. చీపుర్లు, ఫినాయిల్ సీసాలకు వేరే అల్మారా ఎస్టిమేట్లనే పెట్టండి, లేకుంటే నెల తిరగకముందే అవి ఆ గదిలకు వస్తయి.